రొయ్య తలకాయల రసంతో స్పగెట్టి: నెల్లూరు వంటింట్లో అరగంట పని

పాస్తా ఇప్పుడు మన ఊళ్లకు కొత్త కాదు. నెల్లూరు, కావలి, ఒంగోలులో కాస్త పెద్ద కిరాణా దుకాణంలో అడిగినా పొట్లం దొరుకుతుంది. వింతేమిటంటే, ఒకవైపు సముద్రం, చుట్టూ రొయ్యల చెరువులు పెట్టుకుని కూడా మనం అందులో క్యాప్సికం, సీసా సాస్, డబ్బా మొక్కజొన్న వేసి సరిపెట్టుకుంటున్నాం. రొయ్యలు వేసేవాళ్లు కూడా తలకాయలు, పెంకులు చెత్తబుట్టలో పడేసి, పోయిన రుచి కోసం గరం మసాలా దులుపుతారు. రొయ్య రుచిలో పెద్ద వాటా ఆ పడేసిన దానిలోనే ఉంది. దాన్ని పదిహేను నిమిషాల్లో రసంగా తీసి పాస్తాకు పట్టించడమే ఈ వంట. మిగిలినదంతా సమయం చూసుకోవడం.

ముందే ఒక మాట. అరగంట అన్నది రొయ్యలు శుభ్రం చేసి పెట్టుకున్న తర్వాతి లెక్క. కిలో రొయ్యలు ఒలవడానికి అలవాటున్న చేతికే ఇరవై నిమిషాలు పడుతుంది. అది పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రాత్రి వంట నిజంగానే తేలిక.

ఏ రొయ్య కొనాలి

మన బజారులో ఎక్కువగా కనిపించేది చెరువు వనామి. ఇది మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానికి చెందిన జాతి. మన దేశంలో దీని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు చెరువుల్లో టైగర్ రొయ్యదే రాజ్యం. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు దాన్ని కుదేలు చేసింది. వనామి మాంసం కాస్త తియ్యగా, మెత్తగా ఉంటుంది. సైజు ఒకేలా ఉంటుంది కాబట్టి అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. పాస్తాకు ఇది పెద్ద సుగుణం. కొన్ని చెరువుల రొయ్యకు మట్టి వాసన ఉంటుంది. దాన్ని పసుపుతో, నిమ్మరసంతో పూర్తిగా పోగొట్టలేం. పచ్చి రొయ్య తలను వాసన చూసి కొనడమే మార్గం.

సముద్రపు రొయ్య దొరికితే అదృష్టమే. రుచి గాఢంగా ఉంటుంది, సైజులు మాత్రం కలగలుపుగా వస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం కాబట్టి ఆ రోజుల్లో చెరువు రొయ్య మీదే ఆధారపడాలి. నీలాల కొండీలున్న మంచినీటి నీలకంఠ రొయ్య దొరికితే రసానికి దానంత గొప్పది లేదు, తలే సగం ఉంటుంది. దాని మాంసం మాత్రం కొంచెం ఆలస్యమైతే చాలు, పిండి పిండిగా అయిపోతుంది.

సైజు విషయానికి వస్తే, చెరువు గట్టు మీద చెప్పే కౌంటే ఇక్కడ కూడా కొలత. కౌంటంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది. 100 కౌంట్ అంటే ఒక్కొక్కటి పది గ్రాములు. వేపుడుకు సరే గాని పాస్తాలో కనిపించకుండా పోతుంది. 30 కౌంట్ ఘనంగా ఉంటుంది, ధర కూడా అంతే. 50 కౌంట్ దగ్గర ఆగండి. కిలో తెస్తే నలుగురికి మనిషికి పన్నెండు రొయ్యలొస్తాయి. ఒలిచాక సుమారు సగం బరువే మిగులుతుంది కాబట్టి కిలో అన్నది ఎక్కువేమీ కాదు.

తాజాదనం తలలోనే తెలుస్తుంది. జీర్ణరసాలన్నీ అక్కడే ఉంటాయి, కుళ్లడం అక్కడే మొదలవుతుంది. తల ఒంటికి గట్టిగా అతుక్కుని ఉండాలి. నల్లబడినా, ముట్టుకోగానే ఊడి వస్తున్నా, అమోనియా ఘాటు తగిలినా కొనకండి. బేరం తెలియని వాళ్లకు ముందే ఒలిచి కుప్ప పోసినవి అంటగట్టడం చేపల బజారులో మామూలే. ఒలవడం మీ వల్ల కాకపోతే, ఎదురుగా ఒలిపించుకుని, “అమ్మా, తలకాయలు, పెంకులు పారేయొద్దు, వేరే కవర్లో వేసి ఇవ్వండి” అని అడగండి. ఒకసారి విచిత్రంగా చూస్తారు, అంతే. ఇంటికి దూరమైతే ఐసు వేయించుకోవడం మరవకండి.

నలుగురికి కావలసినవి

స్పగెట్టి 400 గ్రాములు, తలలతో రొయ్యలు కిలో, బాగా పండిన టమాటాలు మధ్యరకం నాలుగు, వెల్లుల్లి రెబ్బలు పన్నెండు, చిన్న ఉల్లిపాయ ఒకటి, ఎండుమిర్చి నాలుగు, ఆలివ్ నూనె ఎనిమిది టేబుల్ స్పూన్లు, మిరియాలు, ఉప్పు, కొత్తిమీర చిన్న కట్ట, నిమ్మకాయ ఒకటి. కరివేపాకు ఒక రెమ్మ, మీ ఇష్టం.

ఆలివ్ నూనె ఖరీదని వెనకాడే వాళ్లు వేపుడు పనికంతా వేరుశనగ నూనె వాడి, చివర్లో పోసే రెండు స్పూన్లకు మాత్రం మంచి ఆలివ్ నూనె ఉంచుకోవచ్చు. రుచి తెలిసేది ఆ చివరి రెండు స్పూన్లలోనే. నువ్వుల నూనె మాత్రం వద్దు, దాని వాసన రొయ్యను మింగేస్తుంది.

పాస్తా పొట్లం తిప్పి వెనక చదవండి. డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉంటే కొనండి. మైదాతో చేసినది ఉడికాక ముద్దవుతుంది, దానికి ఏ చిట్కా పనిచేయదు. స్పగెట్టి దొరక్కపోతే పెన్నె తెచ్చుకోండి, గొట్టాల లోపలికి రసం చేరి అది కూడా బాగానే ఉంటుంది.

రొయ్యలను సిద్ధం చేయడం

ఒలవక ముందే రెండుసార్లు చల్లటి నీళ్లలో కడగండి. ఒలిచాక నీళ్లలో నానబెట్టి, పసుపు పట్టించి, మళ్లీ కడిగే అలవాటు పులుసుకు పనికొస్తుందేమో గాని ఇక్కడ రుచిని నీళ్ల పాలు చేస్తుంది. తలను ఒంటి దగ్గర పట్టుకుని మెలితిప్పి లాగితే ఊడి వస్తుంది. కాళ్ల వైపు నుంచి పెంకు విప్పండి. వీపు మీద కత్తి మొనతో సన్నగా గీసి నల్లటి పేగు లాగేయండి. తలకాయల్లో కళ్ల వెనక చిన్న ఇసుక తిత్తి ఉంటుంది. కత్తెరతో కళ్ల భాగం వరకు కత్తిరించేస్తే అది కూడా పోతుంది. ఓపిక లేకపోతే వదిలేయండి, రసాన్ని ఎలాగూ వడకడతాం.

ఒలిచిన మాంసాన్ని శుభ్రమైన పాత నూలు గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా అద్దండి. తడి రొయ్యను బాణలిలో వేస్తే వేగదు, తన నీళ్లలో తాను ఉడుకుతుంది. అర చెంచా ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి పట్టించి పక్కన పెట్టండి. నిమ్మరసం ఇప్పుడు వద్దు. పులుపు తగిలితే పచ్చి మాంసం పైపైన గట్టిపడిపోతుంది.

తలకాయల రసం

వంటంతటికీ ప్రాణం ఇదే కాబట్టి తొందరపడకండి. పొయ్యి మీద వెడల్పాటి బాణలి పెట్టి రెండు స్పూన్ల నూనె కాగనివ్వండి. తలకాయలు, పెంకులు మొత్తం వేసి పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. బూడిద రంగు పెంకులు చూస్తుండగానే ఎర్రబడతాయి. ఆ ఎరుపు ముందు నుంచే పెంకులో ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు ఒక ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచి, దాని రంగు కనబడనివ్వదు. వేడికి ఆ పట్టు సడలి రంగు బయటపడుతుంది. ఆస్టాజాంతిన్ అనే ఆ వర్ణకం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే ముందు నూనెలో వేయించాలి. నేరుగా నీళ్లు పోసి మరిగిస్తే పాలిపోయిన చప్పిడి రసం వస్తుంది.

వేగుతున్నప్పుడే గరిటె వెనకవైపుతోనో పప్పుగుత్తితోనో తలలను బాగా నొక్కండి. లోపలి నారింజ రంగు కొవ్వు నూనెలోకి రావాలి. బాణలి అడుగున గోధుమరంగు పొర పడుతుంటే అది మంచిదే. నల్లబడితే మాత్రం మంట తగ్గించండి. ఉల్లిపాయ ముక్కలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేయండి. ఒక నిమిషం తర్వాత ఒక టమాటా తరిగి వేసి, అది మెత్తబడగానే అర లీటరు నీళ్లు పోయండి. అడుగు పొరను గరిటెతో గీకి నీళ్లలో కలపండి. ఉప్పు వేయకండి. చిన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. ఎక్కువసేపు మరిగితే పెంకుల నుంచి చేదు దిగుతుంది. సన్న జల్లెడలో పోసి గరిటెతో గట్టిగా పిండండి. పెద్ద గ్లాసుడు, చిక్కటి నారింజ రంగు రసం రావాలి. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూస్తే మసాలా పొడులు ఎందుకు అక్కర్లేదో తెలిసిపోతుంది.

నీళ్లు, పాస్తా

రసం మరుగుతుండగానే రెండో పొయ్యి మీద పాస్తా నీళ్లు ఎక్కించండి. ఇటలీ వాళ్లు వంద గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు అంటారు. మన గ్యాసు పొయ్యి మీద నాలుగు లీటర్లు మరగడానికి చాలాసేపు పడుతుంది. నాలుగు వందల గ్రాములకు మూడు లీటర్లు సరిపోతాయి. పైగా నీళ్లు తక్కువైతే వాటిలోకి పిండి ఎక్కువగా చేరుతుంది, అది మనకే లాభం. ఐదు లీటర్ల కుక్కర్ గిన్నె దీనికి అచ్చంగా సరిపోతుంది, మూత పెట్టి మరిగించండి. విజిల్ పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మూడు లీటర్లకు ముప్ఫై గ్రాముల ఉప్పు పడాలి గాని, నేను ఇరవై గ్రాముల దగ్గర ఆపుతాను. అంటే సుమారు టేబుల్ స్పూను. ఈ నీళ్లు తర్వాత రసంలో కలుస్తాయి, రొయ్యకు కూడా తనదైన ఉప్పు ఉంటుంది. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి అక్కడివాళ్లు ముందు నీళ్లు రుచి చూడాలి, లేదా క్యాను నీళ్లు వాడాలి. నీళ్లలో నూనె చుక్కలు వేసే అలవాటుంటే మానేయండి. నూనె పైన తేలుతుంది, వార్చేటప్పుడు పాస్తాకు అంటుకుని రసాన్ని పట్టనివ్వదు.

నీళ్లు బాగా తెర్లాక స్పగెట్టి వేయండి. విరవకండి, అర నిమిషంలో దానంతటదే వంగి మునుగుతుంది. మొదటి రెండు నిమిషాలు కలుపుతూ ఉంటే అంటుకోదు. పొట్లం మీద పది నిమిషాలని ఉంటే ఎనిమిదికే దించాలి, మిగతా రెండు నిమిషాలు రసంలో ఉడుకుతుంది. కొరికి చూస్తే మధ్యలో సన్నటి తెల్లటి చుక్క కనిపించాలి.

వార్చే ముందు రెండు పెద్ద గ్లాసుల నీళ్లు తీసి పెట్టుకోండి. అన్నం వార్చిన గంజి ఎలాగో ఇదీ అలాగే. పిండితో చిక్కబడి, నూనెనూ రసాన్నీ విడిపోకుండా కలిపి పట్టి ఉంచుతుంది. గంజి విలువ తెలిసిన మొలగొలుకుల బియ్యం ఊరివాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. వార్చిన పాస్తాను చల్లటి నీళ్లతో కడగకండి, ఆ పిండంతా పోతుంది.

రొయ్యలు వేయించడం

పాస్తా నీళ్లలో పడ్డాక, రసం తీసిన బాణలినే తుడిచి పెద్ద మంట మీద పెట్టండి. స్పూను నూనె బాగా కాగాక సగం రొయ్యలే వేయండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే బాణలి చల్లబడి నీరూరుతుంది. కదపకుండా ముప్పావు నిమిషం, తిప్పి మరో ముప్పావు నిమిషం. తీసి పళ్లెంలో పెట్టి, రెండో వాయి వేయండి. మధ్యలో ఇంకా కొద్దిగా పచ్చిదనం ఉండగానే తీసేయాలి, చివర్లో రసంలో మళ్లీ వేడెక్కుతాయి కదా. ఆకారమే కొలత. అర్ధచంద్రంలా వంగితే ఉడికినట్టు. తల తోక కలిసి గుండ్రంగా చుట్టుకుపోతే రబ్బరైనట్టు. మన ఇళ్లలో రొయ్యల ఇగురు ఇరవై నిమిషాలు మగ్గుతుంది, అది వేరే పద్ధతి. ఆ అలవాటును ఇక్కడికి తెస్తే కిలో రొయ్యలు వృథా. పచ్చివాసన ఉంటుందేమోనని అత్తయ్యగారు భయపడితే, తీసిన రొయ్యల్లో లావుపాటిది ఒకటి రసంలో మరో నిమిషం ఉంచి, మధ్యకు కోసి చూపించండి. మాంసం లోపల తెల్లగా, గాజుదనం లేకుండా ఉంటే ఉడికినట్టే.

కలపడం

ఈ పనికి బాణలి చిన్నదైపోతే బిర్యానీకి వాడే వెడల్పాటి గిన్నె తీయండి. మూడు స్పూన్ల నూనెలో మిగిలిన ఎనిమిది వెల్లుల్లి రెబ్బలను పల్చగా తరిగి, నూనె చల్లగా ఉండగానే వేసి, చిన్న మంట మీద వేడెక్కనివ్వండి. అంచులు లేత బంగారు రంగుకు రాగానే ఎండుమిర్చి తుంచి వేయండి. వెల్లుల్లి మాడితే ఆ చేదును ఏదీ కప్పలేదు. పారేసి మళ్లీ మొదలుపెట్టడమే చవక. కరివేపాకు వేసేవాళ్లు ఇప్పుడు వేయాలి, అదీ నాలుగు ఆకులు మించకుండా. వేస్తే మన ఇంటి వాసన వస్తుంది, మానేస్తే రొయ్య వాసన స్పష్టంగా ఉంటుంది. నేను రెండో పక్షం.

మిగిలిన మూడు టమాటాలు సన్నగా తరిగి వేసి, మంట పెంచి ఐదారు నిమిషాలు మగ్గించండి. వడకట్టిన రసం పోసి సగం అయ్యేదాకా మరిగించండి. కారం కావలసినవాళ్లు ఇక్కడ అర చెంచా ఎండుమిర్చి పొడి కలపొచ్చు. అమెరికాలో స్థిరపడిన ఇటలీవాళ్లు ఫ్రా డయావోలో పేరుతో వండే పాస్తా కూడా ఇలాగే టమాటా, మిరప ఘాటుతో ఉంటుంది. కాబట్టి కారం వేస్తే ఇటలీ చెడిందని ఎవరూ అనక్కర్లేదు. ధనియాల పొడి, గరం మసాలా మాత్రం డబ్బాల్లోనే ఉంచండి.

వార్చిన స్పగెట్టిని నేరుగా గిన్నెలోకి వేసి, అర గ్లాసు పాస్తా నీళ్లు పోసి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు పైకి కిందికి ఆపకుండా కలపండి. మొదట పలచగా కనిపిస్తుంది, భయపడకండి. పిండి, నూనె కలిసి రసం చిక్కబడి ప్రతి పోగుకూ అంటుకుంటుంది. పొడిబారితే ఇంకొంచెం నీళ్లు. చివరి అర నిమిషంలో రొయ్యలు, పళ్లెంలో ఊరిన వాటి నీటితో సహా వేయండి. పొయ్యి ఆపేసి, ఉంచుకున్న మంచి ఆలివ్ నూనె, తరిగిన కొత్తిమీర వేసి ఒకసారి తిప్పండి. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మకాయలు మనకు కొరత కాదు కాబట్టి తాజా కాయ ఎంచుకుని, పచ్చటి తొక్కను సన్నగా తురిమి చల్లండి. నిమ్మరసం నాలుగు చుక్కలు చాలు. ఇప్పుడు ఉప్పు చూడండి. ఎక్కువైందనిపిస్తే ఉప్పు లేని వేడి నీళ్లు కొద్దిగా, నూనె ఒక స్పూను పోసి మళ్లీ తిప్పండి.

చీజ్ గురించి ఇంట్లో పిల్లలతో వాదన తప్పదు. ఇటలీలో చేపలు, రొయ్యల పాస్తాలో సాధారణంగా చీజ్ వేయరు, ఘాటైన చీజ్ ముందు రొయ్య నిలవదని వాళ్ల లెక్క. ఆ లెక్కతో నేను ఏకీభవిస్తాను. కరకరలాడేది ఏదైనా కావాలంటే పాత బ్రెడ్డును పొడి చేసి, వెల్లుల్లి నూనెలో వేయించి పైన చల్లండి. పిల్లలు చీజ్ మాట మరిచిపోతారు.

వెంటనే వడ్డించాలి. టీవీ సీరియల్ అయ్యాక తిందామంటే ముద్దవుతుంది. స్నానానికి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చాకే స్పగెట్టిని నీళ్లలో వేయండి.

రొయ్యలు లేని రోజు

వంజరం అయితే ముళ్లు తీసి అంగుళం ముక్కలుగా కోసి ఇదే విధంగా వేయించి చివర్లో కలపాలి, గరిటె పెట్టి తిప్పకుండా గిన్నె కుదపాలి. పీతలైతే డొక్క పెంకులు, చిన్న కాళ్లు రసానికి వాడి, మాంసం తీసి పాస్తాలో కలపండి. పని ఎక్కువ, ఆదివారం పెట్టుకోండి. స్క్విడ్‌కు రెండే దారులు, రెండు నిమిషాల లోపు దించడం లేదా అరగంట దాటి మగ్గించడం. మధ్యలో ఎక్కడ దించినా నమలలేరు. చేపల పులుసు ముక్కలు మిగిలాయని పాస్తాలో కలిపే ఆలోచన ఉంటే దయచేసి విరమించుకోండి. మామిడికాయ వేసిన నెల్లూరు పులుసుకు అన్నమే తోడు.

మిగిలితే గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి తినేయాలి. వేడి చేసేటప్పుడు రొయ్యలు పక్కకు తీసి, పాస్తాను మాత్రం కొద్దిగా నీళ్లు చిలకరించి వేడి చేసి, చివర్లో రొయ్యలు కలపండి. ఇంటికి వచ్చిన చుట్టాల్లో ఎవరికైనా రొయ్యలు, పీతలు పడవేమో ముందే అడగండి. పడనివాళ్లకు పైన రొయ్యలు తీసేసి పెడితే సరిపోదు, రసమంతా రొయ్యే.

ఇకమీదట ఇగురు వండిన రోజు కూడా తలకాయలు, పెంకులు పారేయకుండా కడిగి, తడి ఆరనిచ్చి, గాలి పోని కవర్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కొన్ని వారాలు నిలుస్తాయి. కరగనివ్వకుండా నేరుగా కాగిన నూనెలో వేయొచ్చు. చిటపటలాడుతుంది, మూత అడ్డం పెట్టుకోండి.